1978 పద్మినికి కార్బరేటరే ఉంచాలా, ఇంజెక్షన్ పెట్టించాలా?

గోదావరి_ఫియట్ (రాజమహేంద్రవరం)

అందరికీ నమస్కారం. మా నాన్నగారు కొన్న 1978 ప్రీమియర్ పద్మిని ఇప్పుడు నా చేతికొచ్చింది. ఇంజన్ దాని సొంతదే, 1089 సీసీ, గాలినీ పెట్రోలునీ కలిపి ఇంజన్‌కి అందించేది సోలెక్స్ కార్బరేటర్. వారానికి రెండుమూడు సార్లు బయటికి తీస్తాను. నెలకోసారి అమలాపురం వెళ్ళొస్తాం.

ఏప్రిల్ నుంచి బండి ఏడిపిస్తోంది. పొద్దున పూట ఏ గొడవా లేదు. మధ్యాహ్నం ఎండలో ట్రాఫిక్‌లో పది నిమిషాలు ఆగామంటే ఇంజన్ దగ్గుతూ దగ్గుతూ ఆగిపోతుంది. ఇరవై నిమిషాలు చల్లారనిస్తే మళ్ళీ ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది. దీనికి తోడు యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే ఒక్క క్షణం వెనకాడి అప్పుడు అందుకుంటోంది. లీటరుకు 12 ఇచ్చే బండి 9 దాటడం లేదు.

ఇక్కడి ఒక గ్యారేజీలో చూపిస్తే "ఇప్పటి పెట్రోలుకి కార్బరేటర్ పనికిరాదు సార్, మారుతీ థ్రాటిల్ బాడీ, ఈసీయూ పెట్టి ఇంజెక్షన్ చేసేద్దాం, 70 వేలవుతుంది" అన్నారు. అంటే ఈసీయూ అనే చిన్న కంప్యూటర్ లెక్క చెబితే ఇంజెక్టర్లు పెట్రోలు చిమ్ముతాయట. డబ్బు సంగతి పక్కన పెడితే, నాన్నగారు తన చేత్తో విప్పి కడిగిన కార్బరేటర్ అది. అలాగని నడిరోడ్డు మీద పిల్లల్ని ఎండలో నిలబెట్టడమూ కుదరదు. అనుభవం ఉన్నవాళ్ళు దారి చెప్పండి.

ఇంజెక్టర్_ఇష్టం (హైదరాబాద్)

మార్చేయండి. నా కాంటెస్సాకి (ఇసుజు 1.8) మూడేళ్ళ కిందట మార్చాను, వెనక్కి తిరిగి చూడలేదు. వివరంగా రాత్రికి రాస్తాను.

ఆటోనగర్_పాతకాపు (విజయవాడ)

తొందరపడకు బాబూ. నలభై ఏళ్ళుగా ఈ సోలెక్స్‌లు విప్పుతున్నాను. కార్బరేటర్ చెడిపోయిందని నా దగ్గరికొచ్చిన బండ్లలో సగానికి పైగా తప్పు కార్బరేటర్‌ది కాదు. ముందు నాలుగు సంగతులు చెప్పు.

ఆగిపోయిన వెంటనే బానెట్ ఎత్తి ప్లగ్ వైరు బాడీకి చూపిస్తే స్పార్క్ వస్తోందా? రాకపోతే కండెన్సర్‌నో కాయిల్‌నో చూడాలి. వేడెక్కితే చచ్చి, చల్లారితే బతికే కండెన్సర్లు బోలెడు చూశాను. స్పార్క్ ఉంటే, ఆ సమయంలో కార్బరేటర్ దగ్గర పెట్రోలు వాసన ముక్కు పగిలేలా వస్తోందా, అసలు రావట్లేదా? ప్లగ్గులు విప్పితే ఏ రంగులో ఉన్నాయి? ట్యాంకు నుంచి ఫ్యూయల్ పంపు దాకా ఉన్న రబ్బరు పైపులు ఎప్పుడు మార్చారు?

ఇవి తెలియకుండా ఇంజెక్షన్ అన్నవాడు నీ జబ్బు చూడలేదు, నీ జేబు చూశాడు.

ఇంజెక్టర్_ఇష్టం (హైదరాబాద్)

మాస్టారూ, పరీక్షలు చెయ్యాలన్నదాంతో నాకు పేచీ లేదు. కానీ పాయింట్లు, కండెన్సరు, జెట్లు అంటూ ప్రతి ఆదివారం బానెట్ కింద తల పెట్టడం అందరి వల్లా కాదు. ఆయన కుటుంబంతో తిరిగే మనిషి.

మదనపల్లె_హెరాల్డ్ (మదనపల్లె)

నేను కెమిస్ట్రీ చెబుతాను కాబట్టి పెట్రోలు సంగతి నేను మాట్లాడతాను. గ్యారేజీవారి మాటలో కొంత నిజముంది, ముగింపే తప్పు.

మన దగ్గర ఈ20 పెట్రోలు 2023లో కొన్ని పంపుల్లో మొదలై 2025కల్లా దేశమంతా పరుచుకుంది. అంటే లీటరులో అయిదో వంతు ఇథనాల్. మామూలు పెట్రోలు పూర్తిగా మండాలంటే బరువు లెక్కన ఒక వంతు పెట్రోలుకు 14.7 వంతుల గాలి కావాలి. ఇథనాల్‌కి 9 చాలు, ఎందుకంటే దాని అణువులోనే కొంత ఆక్సిజన్ ఉంది. రెండూ కలిసిన ఈ20కి 13.5 దగ్గర వస్తుంది. మీ కార్బరేటర్‌కి ఈ సంగతి తెలియదు. 1978లో ఏ నిష్పత్తికి రంధ్రం పెట్టారో ఆ నిష్పత్తిలోనే పోస్తుంది. కాబట్టి ఇంజన్ 8, 9 శాతం లీన్‌గా, అంటే కావలసినదానికంటే తక్కువ పెట్రోలుతో నడుస్తుంది. ఎక్కువైతే రిచ్ అంటారు. తొక్కగానే వెనకాడటం, ఇంజన్ మరీ వేడెక్కడం లీన్ లక్షణాలే.

దీన్ని నేను నా హెరాల్డ్ కారులోనే చూశాను. తిరుపతి వైపు దిగితే, పల్లపు నేల మీద, పికప్‌లో తడబడేది. అదే బండి హార్స్‌లీ కొండ ఎక్కితే వెన్నలా నడిచేది. కొండ ఎత్తు సుమారు 1,260 మీటర్లు. అంత ఎత్తున గాలి పలచబడుతుంది, కార్బరేటర్ మాత్రం పెట్రోలు ఆ మేరకు తగ్గించదు. మిశ్రమం దానంతటదే 6 శాతం దాకా రిచ్ అవుతుంది. కొండెక్కితే బాగుపడే బండి కింద లీన్‌గా ఉందన్నమాట. ఆ ఒక్క ప్రయాణం నాకు మెకానిక్ కంటే ఎక్కువ చెప్పింది.

మందు చిన్నదే. కార్బరేటర్‌లో పెట్రోలు పారే సన్న రంధ్రమున్న ఇత్తడి ముక్కే జెట్. సోలెక్స్ జెట్ మీద అంకె దాని రంధ్రం వ్యాసం, మిల్లీమీటరులో వందో వంతుల్లో. 120 అంటే 1.20 మి.మీ. పారే పెట్రోలు వ్యాసం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 120 తీసి 125 వేస్తే 8.5 శాతం ఎక్కువ పారుతుంది. ఈ20కి కావలసింది సరిగ్గా అంతే. మీ బండిలో ఏ నంబరు ఉందో చూసి ఇదే లెక్క వేసుకోండి. కానీ ముందు ప్లగ్గులు చూడండి. తెల్లగా సున్నం కొట్టినట్టుంటే లీన్, ఇటుక రంగులో ఉంటే బాగున్నట్టు, మసిపట్టి నల్లగా ఉంటే రిచ్. నల్లగా ఉన్న బండికి పెద్ద జెట్ వేస్తే ఉన్న మైలేజీ కూడా పోతుంది.

ఓరుగల్లు_800 (హనుమకొండ)

నా దగ్గర రెండు మారుతీ 800లు ఉన్నయ్. ఒకటి 1994ది, కార్బరేటర్ బండి. ఇంకోటి 2002ది, ఎంపీఎఫ్ఐ, అంటే కంపెనీ నుంచే ఇంజెక్షన్ బండి. ఒకే 796 సీసీ, ఒకే ఇంట్ల, ఒకే పంపు పెట్రోలు. గందుకే నేను చెప్పేది పోల్చి చెప్పేది.

చలికాలం పొద్దుగాల కార్బరేటర్ దానికి చోక్ గుంజాలె, రెండు నిమిషాలు ఆగాలె. ఎంపీఎఫ్ఐకి తాళం తిప్పుడే. ఈ20 వచ్చినంక కార్బరేటర్ దాంట్ల డయాఫ్రమ్ (పలచని రబ్బరు పొర) గట్టివడి ఒకసారి, లోపలికొచ్చే పెట్రోలుని ఆపే నీడిల్ వాల్వ్ రబ్బరు కొస ఉబ్బి ఒకసారి, రెండుమార్లు విప్పిన. ఎంపీఎఫ్ఐ దాన్ని అసలు ముట్టనే లేదు. ఆక్సిజన్ సెన్సర్ ఉంటది కదా, లీన్ అయితే అదే చూసి పెట్రోలు పెంచుకుంటది.

కానీ అన్నా, ఒక్క మాట. పోయినేడు ములుగు రోడ్డు మీద కార్బరేటర్ బండి ఆగితే స్క్రూ డ్రైవర్, నోటితోని ఊదుడు, అర్ధగంటల ఇంటికొచ్చిన. ఎంపీఎఫ్ఐ ఆగినప్పుడు పంపు కాలిపోయింది. ట్యాంకు దించేదాక దాని మొకం కూడ కనవడలే. బండిని ట్రాలీ మీద ఎక్కించుకొచ్చిన.

ఆటోనగర్_పాతకాపు (విజయవాడ)

మేడమ్ గారు చెప్పిన జెట్ లెక్క బాగుంది. మేం చేత్తో తెలుసుకున్నది ఆవిడ అంకెల్లో చెప్పారు. దానికి ఒకటి కలుపుతాను. దయచేసి జెట్‌ని సేఫ్టీ పిన్నుతోనో వైరుతోనో పొడవకండి. ఇత్తడి మెత్తన. ఒక్క గీత పడితే 120 అన్నది 127 అవుతుంది, పైన అంకె మాత్రం 120 అనే ఉంటుంది. గాలితో ఊదండి, పోకపోతే కార్బ్ క్లీనర్‌లో రాత్రంతా నానబెట్టండి. బజార్లో దొరికే డూప్లికేట్ కిట్లలో జెట్లు కూడా అంతే, అంకె ఒకటి, రంధ్రం ఒకటి. ఒరిజినల్ జెట్ ఉంటే ప్రాణంలా దాచుకోండి.

ఇంజెక్టర్_ఇష్టం (హైదరాబాద్)

చెప్పినట్టే వివరంగా రాస్తున్నాను. చదివి మీరే తూకం వేసుకోండి.

ఇంజెక్షన్ అంటే కార్బరేటర్ విప్పి ఇంకోటి బిగించడం కాదు. పెట్రోలు దారి మొత్తం మారాలి. కార్బరేటర్‌కి 3 పీఎస్ఐ ఒత్తిడి ఉంటే చాలు. ఇంజెక్టర్‌కి 3 బార్, అంటే 43 పీఎస్ఐ కావాలి. పాత రబ్బరు పైపు ఆ ఒత్తిడికి ఆగదు, ఇంజెక్షన్ పైపులు, క్లిప్పులు వేరే. నేను వెనక డిక్కీలో చిన్న డబ్బా లాంటి స్విర్ల్ పాట్ పెట్టించాను. తక్కువ ఒత్తిడి పంపు దాన్ని నింపుతూ ఉంటుంది, దాంట్లోంచి ఎక్కువ ఒత్తిడి పంపు లాగుతుంది. మలుపుల్లో ట్యాంకులో పెట్రోలు ఒక పక్కకి పోయినా ఇంజెక్టర్‌కి గాలి అందదు. మిగిలిన పెట్రోలు వెనక్కి రావడానికి రిటర్న్ లైను వేశాం. ట్యాంకు దించి లోపలి తుప్పు కడిగించాను, ఎందుకంటే జెట్‌ని మూసే తుప్పు రజను ఇంజెక్టర్‌ని ఇంకా తొందరగా మూసేస్తుంది.

తర్వాత కరెంటు. క్రాంక్ పుల్లీ మీద 36 పళ్ళలో ఒకటి తీసేసిన చక్రం, దాని పక్కన సెన్సర్. ఆ లేని పన్ను దగ్గర ఈసీయూకి పిస్టన్ ఎక్కడుందో తెలుస్తుంది. సైలెన్సర్ పైపుకి వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సర్. ఈసీయూ స్పీడ్యునో, అర్డునో మెగా బోర్డు మీద నడిచే ఓపెన్ సోర్స్ డిజైను. దాని మ్యాపు, అంటే ఎప్పుడు ఎంత పెట్రోలు చిమ్మాలన్న పట్టిక, నేనే ల్యాప్‌టాప్ పట్టుకుని మూడు నెలలు సరిచేసుకున్నాను. మొత్తం 90 వేలు దాటింది, నా కూలి కలపకుండా.

వచ్చిన ఫలితం? లీటరుకు 8 నుంచి 10.5. మే నెలలో, ఎండలో, ఏసీ వేసుకుని పంజాగుట్టలో అరగంట ఆగినా చలించదు. కారణం సులువు. పాత పద్ధతిలో పంపు ఇంజన్‌కి బిగించి ఉంటుంది, వెనక ట్యాంకు నుంచి పెట్రోలుని పీలుస్తుంది. పీల్చినప్పుడు పైపులో ఒత్తిడి తగ్గుతుంది, ఒత్తిడి తగ్గితే పెట్రోలు తక్కువ వేడికే మరుగుతుంది. పైపులో ఆవిరి బుడగ చేరి పెట్రోలు ఆగిపోతుంది, మనవాళ్ళు ఎయిర్ లాక్ అనేది దీన్నే. ఇంజెక్షన్‌లో పంపు వెనక ఉండి 3 బార్‌తో తోస్తుంది, ఆ ఒత్తిడి మీద పెట్రోలు మరగదు. గోదావరి_ఫియట్ గారి జబ్బు ఇదేనని నా నమ్మకం.

లోపం కూడా దాచను. ఒక రాత్రి శ్రీశైలం దారిలో మన్ననూరు దాటాక అడవిలో క్రాంక్ సెన్సర్ వైరు తెగింది. ఇంజన్ చప్పున ఆగిపోయింది. లారీ డ్రైవర్లు ఇద్దరు ఆగి సాయం చెయ్యాలని చూశారు కానీ ఆ వైరు సంగతి వాళ్ళకెలా తెలుస్తుంది? తెల్లారేదాకా అక్కడే. ఆ తర్వాత స్పేర్ సెన్సర్ డాష్ కింద పెట్టుకునే బయల్దేరుతున్నాను.

డల్లాస్_మస్టాంగ్ (టెక్సస్)

హైదరాబాద్ మిత్రుడు రాసింది అక్షరాలా నిజం. నాది 1967 మస్టాంగ్, 289 ఇంజన్. ఇక్కడ థ్రాటిల్ బాడీ కిట్లు రెడీమేడ్‌గా దొరుకుతాయి, కార్బరేటర్ ఉన్న చోటే కూర్చుంటాయి, ఈసీయూ దాంట్లోనే ఉంటుంది, తనంతట తనే నేర్చుకుంటుందని అట్టపెట్టె మీద రాసుంటుంది. ఒక శనివారం పని అనుకున్నాను. ఆరు వారాలు పట్టింది.

నన్ను ఏడిపించింది పెట్రోలు కాదు, స్పార్క్. పాత ప్లగ్ వైర్లు రాగి తీగవి. వాటి నుంచి, కాయిల్ నుంచి వచ్చే రేడియో అలజడి ఈసీయూని తికమక పెట్టేది. ఆగి ఉన్న బండికి 4,000 ఆర్పీఎం అని చూపించేది. కార్బన్ కోర్ వైర్లు వేసి, ఈసీయూ పవర్ వైర్లని నేరుగా బ్యాటరీకి లాగి, పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ డిస్ట్రిబ్యూటర్ పెట్టాక కుదుటపడింది. ఆ మూడూ చేశాక నాకనిపించింది: ఇవే ముందు చేసుంటే పాత కార్బరేటర్ కూడా ఇంతకంటే బాగా నడిచేదేమో అని. ఇప్పుడు ఇంజెక్షన్‌తో హాయిగానే ఉన్నాను. కానీ పోలిక న్యాయంగా జరగలేదు, కొత్త ఇగ్నిషన్ ఉన్న ఇంజెక్షన్‌ని పాత ఇగ్నిషన్ ఉన్న కార్బరేటర్‌తో పోల్చాను.

పద్మినికి డైనమో ఉందా, ఆల్టర్నేటరా? ఇది ముఖ్యం. పంపు, ఇంజెక్టర్లు, ఈసీయూ కలిసి ఇంచుమించు 10 యాంపియర్లు ఎప్పుడూ లాగుతాయి. స్లోలో డైనమో దాదాపు ఏమీ ఇవ్వదు. రాత్రి లైట్లేసుకుని ట్రాఫిక్‌లో ఆగితే బ్యాటరీయే మొత్తం మోయాలి.

బెంజి_280 (బెంగళూరు)

ఇంజెక్షన్ అనగానే కొత్తది, కార్బరేటర్ అనగానే పాతది అన్నట్టు మాట్లాడుతున్నారు కాబట్టి కల్పించుకుంటున్నాను. మెర్సిడెస్ 300 ఎస్ఎల్ 1954లోనే సిలిండర్‌లోకి నేరుగా పెట్రోలు చిమ్మింది. ఫోక్స్‌వ్యాగన్ 1600కి బాష్ ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్, డీ-జెట్రానిక్, 1967లో వచ్చింది. అంటే మన పద్మిని పుట్టకముందే. కాబట్టి ఇంజెక్షన్‌తోనే పుట్టిన క్లాసిక్ కార్లు కూడా ఉన్నాయి. నా 280ఈ వాటిలో ఒకటి.

దానిది కే-జెట్రానిక్. కంప్యూటర్ లేదు. లోపలికొచ్చే గాలి ఒక పళ్ళాన్ని పైకెత్తుతుంది, ఆ పళ్ళెం ఒక ప్లంజర్‌ని ఎత్తుతుంది, దాన్ని బట్టి ఆరు సిలిండర్లకీ పెట్రోలు ఆగకుండా పారుతూ ఉంటుంది. గడియారం లాంటి పనితనం. ఆ ప్లంజర్‌కీ దాని గదికీ మధ్య ఖాళీ వెంట్రుక కంటే సన్నం. రెండు నెలలు బండి కదపకపోతే ఇథనాల్ పీల్చుకున్న తేమకి అది పట్టేస్తుంది. ఒకసారి పట్టేసింది. బాగుచేసే మనిషిని వెతకడానికే నాలుగు నెలలు పట్టింది, అయిన ఖర్చుతో ఒక పాత మారుతీ వచ్చేది.

నేను దాన్ని పీకి కార్బరేటర్ పెట్టమన్న సలహా కూడా విన్నాను. పెట్టలేదు. ఆ బండి గొంతు అదే. అదే లెక్కన మీ పద్మిని గొంతు సోలెక్స్‌ది.

ఆర్సీ_బుక్కు (విశాఖపట్నం)

ఒక లెక్క ఎవరూ వేయలేదు. మీ బండి 1978ది. 2028కి మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు నిండుతాయి. కేంద్రం 2021లో తెచ్చిన వింటేజ్ నియమాల ప్రకారం 50 ఏళ్ళు దాటిన బండిని వింటేజ్‌గా రిజిస్టర్ చేయించుకోవచ్చు, నంబర్లో వీఏ అక్షరాలొస్తాయి. కొత్త రిజిస్ట్రేషన్‌కి రుసుము 20,000, పదేళ్ళు చెల్లుతుంది, తర్వాత 5,000తో మళ్ళీ చేయించుకోవాలి. అయితే షరతు ఉంది: బండి అసలు రూపంలోనే ఉండాలి, ఛాసిస్, బాడీ, ఇంజన్‌లలో చెప్పుకోదగ్గ మార్పు జరిగి ఉండకూడదు. మీ ఇంజెక్షన్‌ని రేపు తనిఖీ చేసే అధికారి ఎలా చూస్తాడన్నది ఆయన చేతిలో పని.

రెండో వైపు కూడా చెప్పాలి. వింటేజ్ నంబరొచ్చాక రోజువారీ తిరగడానికి వీల్లేదు. ప్రదర్శనలకీ, ర్యాలీలకీ, పెట్రోలుకీ, రిపేరుకీ తప్ప. నెలనెలా అమలాపురం వెళ్ళే మీకు అది కావాలో వద్దో మీరే ఆలోచించుకోండి. తయారీదారు ఇచ్చిన రూపానికి తేడాగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పిన సంగతి కూడా మనసులో పెట్టుకోండి. ఏ మార్పు చేసినా తీసిన సామాను తూకానికి వేయొద్దు, మ్యానిఫోల్డ్‌కి కొత్త రంధ్రాలు పెట్టొద్దు. వెనక్కి బిగించుకునే దారి ఉండాలి.

గోదావరి_ఫియట్ (రాజమహేంద్రవరం)

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. పదిహేను రోజులు పట్టింది, పరీక్షలన్నీ చేశాను.

ముందుగా ఒక సంగతి. నాన్నగారి బీరువాలో బండి నోట్‌బుక్ దొరికింది. పెట్రోలు, ఆయిలు, ఏది ఎప్పుడు మార్చారో తేదీలతో రాసుకున్నారు. 1986 మే నెలలో ఇలా ఉంది: "రావులపాలెం దాటాక ఆగింది. పంపు మీద తడి గుడ్డ వేశాను. 15 ని. తర్వాత స్టార్ట్." 1991 మేలో మళ్ళీ, 1998లో రెండుసార్లు. ఇథనాల్ పేరు కూడా వినని రోజులవి. అంటే ఎండలో ఆగడం దీని పుట్టుకతో ఉన్నదే. ఈమధ్య ఎక్కువైంది, అంతే.

ఆగినప్పుడు స్పార్క్ ఉంది. పెట్రోలు వాసన లేదు. పాతకాపు గారు ఫోన్‌లో చెప్పినట్టు, పంపు నుంచి కార్బరేటర్‌కి వెళ్ళే పైపు విప్పి సీసాలో పెట్టి సెల్ఫ్ కొడితే చల్లగా ఉన్నప్పుడు ధారగా వచ్చింది, వేడిలో నురగగా వచ్చింది. ఎత్తి చూస్తే ట్యాంకు వైపు రబ్బరు పైపుకి పగుళ్ళు. పెట్రోలు కారట్లేదు కాబట్టి ఇన్నాళ్ళూ కనబడలేదు, పీల్చేటప్పుడు గాలి లోపలికి పోతోంది.

ఇంజన్ స్లోలో ఉండగా థ్రాటిల్ స్పిండిల్ (కార్బరేటర్‌లో గాలి తలుపు తిరిగే ఇరుసు) రెండు చివర్ల దగ్గర కొంచెం కార్బ్ క్లీనర్ కొడితే ఇంజన్ శబ్దం మారింది. అంటే స్పిండిల్ అరిగి అక్కడా గాలి దూరుతోంది. యాక్సిలరేటర్ పంపు డయాఫ్రమ్ ఎండిన అప్పడంలా ఉంది. ప్లగ్గులు నాలుగూ తెల్లగా ఉన్నాయి.

ఆటోనగర్_పాతకాపు (విజయవాడ)

ఇక ఏముంది, జబ్బు దొరికింది. కార్బరేటర్‌ని పార్శిల్‌లో నాకు పంపించు. స్పిండిల్‌కి లేత్ మీద ఇత్తడి బుష్ వేయిస్తాను. డయాఫ్రమ్, నీడిల్ వాల్వ్ ఇథనాల్‌కి ఆగే రబ్బరువి వేస్తాను. పెట్రోలు పైపులు మొత్తం మార్చు, మామూలు నల్ల పైపు కాదు, ఇంజెక్షన్ బండ్లకి వాడేది అడిగి కొను, నాలుగు డబ్బులెక్కువైనా అదే. కార్బరేటర్ కింద దళసరి బేకలైట్ స్పేసర్ వేద్దాం, బండి ఆపాక ఇంజన్ వేడి పైకెక్కి ఫ్లోట్ గిన్నెలో పెట్రోలు మరగకుండా.

ఒకవేళ ఎండలో ఆపి మళ్ళీ స్టార్ట్ చేసినప్పుడు పెట్రోలు వాసన కొడితే, అది వేరే జబ్బు, ఓవర్‌ఫ్లో. అప్పుడు యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కిపెట్టి సెల్ఫ్ కొట్టాలి. పంపింగ్ చెయ్యకు, ఇంకా పోస్తుంది.

మదనపల్లె_హెరాల్డ్ (మదనపల్లె)

ఒక విన్నపం. స్పిండిల్, పైపులు బాగయ్యేదాకా జెట్ మార్చకండి. ఇప్పటి తెల్ల ప్లగ్గులకి గాలి లీకులు ఎంత కారణమో ఇథనాల్ ఎంత కారణమో తెలియదు. రెండూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో మీకెప్పటికీ తెలియదు. పైగా మీది గోదావరి తీరం, గాలిలో తేమ ఎక్కువ. నెల రోజులు బండి తీయకపోతే ట్యాంకు నిండుగా ఉంచండి, ఖాళీ జాగాలో తేమ చేరుతుంది. ఇథనాల్ పీల్చుకున్న నీరు ఒక హద్దు దాటితే రెండూ కలిసి అడుక్కి దిగిపోతాయి. కార్బరేటర్ గిన్నెలో తెల్లటి పొడి కనబడితే అది అల్యూమినియం, జింకు తినేసిన గుర్తు.

ఇంజెక్టర్_ఇష్టం (హైదరాబాద్)

బాగుచేయించుకోండి, సంతోషం. కానీ నేను చెప్పిన అసలు కారణం అలాగే ఉంది. పంపు ముందు, ట్యాంకు వెనక, పీల్చుడు పద్ధతి. నాన్నగారి నోట్‌బుక్కే సాక్ష్యం, పైపులు కొత్తగా ఉన్న రోజుల్లో కూడా మే నెలలో ఆగింది. వచ్చే మేకి మళ్ళీ కలుద్దాం.

ఓరుగల్లు_800 (హనుమకొండ)

అన్నా, మధ్యల ఇంకో తొవ్వ ఉన్నది కదా. కార్బరేటర్ గట్లనే ఉంచి, ట్యాంకు పక్కన చిన్న ఎలక్ట్రిక్ పంపు పెడితే? పీల్చుడు పోయి తోసుడు వస్తది. మా దోస్తు జీపుకి గట్లనే చేసిండు. ఎండల ఆగుడు బందయింది.

ఇంజెక్టర్_ఇష్టం (హైదరాబాద్)

ఇది నాకు తట్టాల్సింది. ఒప్పుకుంటున్నాను, పద్మినికి ఇదే సరైన దారి. మూడు జాగ్రత్తలు. ఒత్తిడి 3 పీఎస్ఐ దాటకూడదు, దాటితే నీడిల్ వాల్వ్ ఆపలేదు, పెట్రోలు పొంగుతుంది. అవసరమైతే రెగ్యులేటర్ వేయండి. పంపు ట్యాంకు మట్టానికి కిందే ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, ఇంజన్ ఆగితే పంపు ఆగాలి. తాళం ఆన్‌లో ఉండి బండి ఎవరినైనా గుద్దుకుంటే పంపు పెట్రోలు పోస్తూనే ఉంటుంది. రిలేని ఆయిల్ ప్రెషర్ స్విచ్ ద్వారా నడపండి, స్టార్టింగ్‌కి సెల్ఫ్ నుంచి ఒక వైరు ఇవ్వండి. నేను బొమ్మ గీసి పంపుతాను.

గోదావరి_ఫియట్ (రాజమహేంద్రవరం)

ఆలస్యానికి మన్నించండి. బండి నాలుగు నెలలుగా నడుస్తోంది కాబట్టి ఇప్పుడు చెప్పొచ్చు.

కార్బరేటర్ విజయవాడ నుంచి బుష్‌లతో వచ్చింది. పైపులన్నీ మార్చాను. మేడమ్ గారి మాట ప్రకారం మొదట పాత జెట్‌తోనే 300 కిలోమీటర్లు నడిపాను. వెనకాడటం చాలా వరకు పోయింది, మైలేజీ 11కి వచ్చింది, ప్లగ్గులు మాత్రం ఇంకా తెల్లగానే ఉన్నాయి. అప్పుడు ఒక సైజు పెద్ద జెట్ వేశాను. ప్లగ్గులు లేత ఇటుక రంగుకి తిరిగాయి. మైలేజీ అక్కడే ఉంది కానీ మారేడుమిల్లి ఘాట్‌లో మూడో గేరులో లాగిన తీరు నాకు చిన్నప్పటి బండిని గుర్తుచేసింది. వెనక ఎలక్ట్రిక్ పంపు, రిలే, స్విచ్ పెట్టాం. పాత పంపుని తీయలేదు, దాని చోటే ఉంది, పైపులు మాత్రం పక్కనుంచి వెళ్తున్నాయి. మొత్తం ఖర్చు 14 వేల లోపు.

మొన్న మధ్యాహ్నం 43 డిగ్రీల్లో రావులపాలెం దగ్గర లారీ అడ్డం తిరిగి ముప్పావు గంట ఆగాం. ఇంజన్ ఆపలేదు, కావాలనే. ఆగలేదు.

ఇంటికొచ్చి నోట్‌బుక్‌లో నాన్నగారి 1998 రాత కింద తేదీ వేసి, ఊరి పేరు, జెట్ నంబరు, "తడి గుడ్డ అవసరం పడలేదు" అని రాశాను.

ఆటోనగర్_పాతకాపు (విజయవాడ)

సంతోషం బాబూ. పాత జెట్ పారేయలేదు కదా? చిన్న కవర్లో పెట్టి ఆ పుస్తకానికే అంటించు. స్పిండిల్‌కి ఆరు నెలలకొకసారి రెండు చుక్కల ఆయిలు.